లాంగ్ రేంజ్ బాక్స్ తగిలించిన రేడియోకి ట్రైనర్ రేడియో కలపడం

నమస్తే అండి. మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీ దగ్గర టారానిస్ ఎక్స్9డి ప్లస్ రేడియో, అంటే మోడల్ విమానాన్ని నడిపే చేతి రిమోట్, ఉంది. దాని ట్రైనర్ జాక్ (నేర్చుకునేవాళ్ల రేడియో కలపడానికి ఉండే రంధ్రం) నుంచి పీపీఎం తీగ (స్టిక్కుల స్థానాలని పల్సులుగా మోసేది) లాగి, సిగ్నల్ చాలా దూరం పంపే లాంగ్ రేంజ్ యూహెచ్ఎఫ్ బాక్స్‌కి ఇచ్చారు. విమానంలో ఉన్నది ఆ బాక్స్ తాలూకు రిసీవరే. ఇప్పుడు సెలవులకి వచ్చిన మీ మేనల్లుడికి ఎగరేయడం నేర్పాలి. వాడి దగ్గర పాత స్పెక్ట్రమ్ డీఎక్స్6ఐ ఉంది. బాక్సూ, వాడి రేడియో రెండూ అదే జాక్‌లోకి రావాలి కదా, వై కేబుల్ (ఒక జాక్ నుంచి రెండు తీగలుగా చీలేది) వేస్తే పనవుతుందా అని అడిగారు.

అవదండి. పని జరగకపోవడం ఒక్కటే అయితే ఇంత గట్టిగా చెప్పను, అది ప్రమాదం కూడా. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను. ఇది అర్థమైతే మిగతా వైరింగ్ అంతా మీకే తోస్తుంది.

ఆ జాక్ ఒకసారికి ఒక దిక్కుకే పనిచేస్తుంది. మోడల్ సెటప్ పేజీలో ట్రైనర్ మోడ్ ‘స్లేవ్/జాక్’ అని ఉంటే మీ రేడియో పల్సులు బయటికి పంపుతుంది. మీ బాక్స్ ఇన్నాళ్లూ నడుస్తున్నది వాటితోనే. ‘మాస్టర్/జాక్’ అని పెడితే అదే జాక్ లోపలికి వినడం మొదలుపెడుతుంది, బయటికి ఏమీ పంపదు. రెండూ ఒకేసారి ఉండవు. ఇప్పుడు వై కేబుల్ పెట్టారనుకోండి. స్లేవ్‌లో ఉంటే మీ రేడియో, అబ్బాయి రేడియో రెండూ ఒకే తీగ మీద పల్సులు తోస్తాయి. అవి ఒకదాని మీద ఒకటి పడి బాక్స్‌కి గజిబిజి అందుతుంది. ఇది వెంటనే బయటపడుతుంది, సర్వోలు (విమానం పలకల్ని కదిపే చిన్న మోటార్లు) కొట్టుకుంటాయి కాబట్టి ఎవరూ ఎగరేయరు.

అసలు భయం మాస్టర్‌లో పెట్టినప్పుడు. అప్పుడు మీ రేడియో మౌనంగా ఉంటుంది. అబ్బాయి డీఎక్స్6ఐ పంపే పల్సులు మీ రేడియోకి ఎంత చక్కగా అందుతాయో, అదే తీగ వెంట యూహెచ్ఎఫ్ బాక్స్‌కీ అంతే చక్కగా అందుతాయి. విమానం పూర్తిగా వాడి మాటే వింటుంది. టేబుల్ మీద చూస్తే వాడి స్టిక్ కదిపితే ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందకీ తిప్పే తోక పలక) కదులుతుంది, ‘ట్రైనర్ పనిచేస్తోంది’ అనిపిస్తుంది. మీ ట్రైనర్ స్విచ్ (పట్టుకున్నంతసేపే నియంత్రణ వాడికిచ్చేది) వదిలినా వాడి చేతిలోనే ఉంటుంది. విమానం మట్టివైపు తిరిగాక తెలిసే సంగతి అది.

అందుకని ఏ తీగ ఎటు పోవాలన్నా ఒక్క మాట పట్టుకోండి. విమానంతో మాట్లాడేది మీ రేడియో ఒక్కటే కావాలి. అబ్బాయి రేడియో మీ రేడియోతో మాత్రమే మాట్లాడాలి. వాడి స్టిక్కులు మీ రేడియో లోపలికి వచ్చి, మీ స్విచ్ ఒప్పుకుంటేనే బయటికి పోవాలి. ఈ వరుస కుదిరితే లాంగ్ రేంజ్ బాక్స్ ఏ కంపెనీది, ఏ ఫ్రీక్వెన్సీది అన్నది ట్రైనర్ విషయంలో లెక్కలోకే రాదు.

కాబట్టి జాక్ అబ్బాయికి వదిలేయండి. బాక్స్‌ని రేడియో వెనకున్న మాడ్యూల్ బేకి (బయటి ట్రాన్స్‌మిటర్ అమర్చే గూడు) మార్చండి. ఆ బేలో నిలువుగా అయిదు పిన్నులుంటాయి. పైనుంచి మొదటిది పీపీఎం సిగ్నల్, మూడోది బ్యాటరీ ప్లస్, నాలుగోది గ్రౌండ్. రెండోది, అయిదోది మీకు అవసరం లేదు. సోల్డర్ చేసేముందు మల్టీమీటర్‌తో మూడూ నాలుగూ మధ్య వోల్టేజీ చూసి నిర్ధారించుకోండి, నా మాట మీద మాత్రం అతికించొద్దు. ఎక్స్‌టర్నల్ ఆర్ఎఫ్ (మోడల్ సెటప్‌లో బే ప్రసారానికి ఉండే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటే బేకి కరెంటు రాదు కాబట్టి, మీటర్ సున్నా చూపిస్తే కంగారు పడకుండా ముందు దాన్ని ఆన్ చేయండి. ఆ బేలో పట్టే ఖాళీ జేఆర్ మాడ్యూల్ డబ్బా దొరికితే పిన్నులు దానికే ఉంటాయి, బాక్స్ తీగలు అందులోకి తెచ్చుకుంటే చూడ్డానికీ, వాడడానికీ బాగుంటుంది.

మోడల్ సెటప్‌లో ఇంటర్నల్ ఆర్ఎఫ్ (రేడియో లోపలి సొంత ట్రాన్స్‌మిటర్) ఆఫ్ చేయండి. విమానంలో దాని రిసీవర్ లేనప్పుడు 2.4 గిగాహెర్ట్జ్‌లో ఊరికే అరవడం ఎందుకు. ఎక్స్‌టర్నల్ ఆర్ఎఫ్ మోడ్ పీపీఎం, ఛానెళ్లు (ఒక్కో స్టిక్ లేదా స్విచ్ విలువకి ఒక్కోటి) 1 నుంచి 8, ఫ్రేమ్ (అన్ని ఛానెళ్ల పల్సులు ఒక విడత పంపే సమయం) 22.5 మిల్లీసెకన్లు. బాక్స్ 12 ఛానెళ్లు తీసుకుంటుంది కదా అని అన్నీ ఇచ్చేయకండి. ఒక్కో ఛానెల్ పల్సు గరిష్ఠంగా 2 మిల్లీసెకన్లు. ఎనిమిదికి 16 పోగా ఇంకా 6.5 మిల్లీసెకన్ల ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీని బట్టే బాక్స్‌కి కొత్త ఫ్రేమ్ ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. పన్నెండుకి 24 కావాలి, 22.5లో పట్టదు. ఫ్రేమ్ పొడవు పెంచితే పడుతుంది గానీ నేర్పించే విమానానికి అన్ని ఛానెళ్లు అక్కర్లేదు. బాక్స్‌కి సిగ్నల్ అందకపోతే అక్కడే ఉన్న ప్లస్/మైనస్ గుర్తు మార్చి చూడండి, కొన్ని బాక్సులు పోలారిటీ తిరగేసి అడుగుతాయి.

కరెంటు సంగతి. బాక్స్ ఇప్పుడు సొంత బ్యాటరీతో నడుస్తుంటే అలాగే ఉంచండి. బే నుంచి సిగ్నల్, గ్రౌండ్ రెండే తీసుకోండి. గ్రౌండ్ కలపకపోతే సిగ్నల్‌కి అర్థం ఉండదు, చాలామంది తీగ ఒక్కటే లాగి ‘బాక్స్ పోయింది’ అనుకుంటారు. సొంత బ్యాటరీ, బే ప్లస్ పిన్ రెండూ మాత్రం ఒకేసారి కలపకూడదు. ఇంకొకటి, యాంటెన్నా బిగించకుండా బాక్స్‌కి కరెంటు ఇవ్వొద్దు, టేబుల్ మీద పరీక్షకైనా సరే.

ఇక అబ్బాయి రేడియో. డీఎక్స్6ఐ వెనక 3.5 మిల్లీమీటర్ల మోనో జాక్ ఉంటుంది, మీ టారానిస్ ట్రైనర్ జాక్ కూడా అదే రకం. రెండు వైపులా మోనో పిన్ ఉన్న మామూలు ఆడియో కేబుల్ చాలు. స్టీరియో కేబుల్ పెడితే కొన్నిచోట్ల పనిచేస్తుంది, కొన్నిచోట్ల చేయదు, మోనోదే వెతకండి. మీ రేడియోకి హెడ్‌ఫోన్ జాక్ కూడా 3.5దే ఉంటుంది, తికమక పడొద్దు. డీఎక్స్6ఐ పవర్ స్విచ్ వేయకండి. ఆఫ్‌లోనే ఉంచి కేబుల్ పెడితే దాని స్క్రీన్ అదే వెలుగుతుంది. అప్పుడది గాల్లోకి ఏమీ పంపదు, తీగలోకి పల్సులు మాత్రం ఇస్తుంది. మనకి కావలసింది అంతే.

వాడి రేడియోలో కొత్త మోడల్ ఒకటి తెరిచి ఖాళీగా ఉంచండి. ఎక్స్‌పో (స్టిక్ మధ్యలో కదలికని మెత్తబరిచేది) లేదు, డ్యూయల్ రేట్ (కదలిక మోతాదు మార్చేది) లేదు, మిక్సింగ్ (ఒక ఛానెల్‌ని ఇంకోదానితో కలపడం) లేదు, ట్రిమ్ములన్నీ (విమానం సూటిగా పోవడానికి చేసే చిన్న సర్దుబాట్లు) మధ్యలో. కారణం చెప్తాను. మీ రేడియోలో నడిచే సాఫ్ట్‌వేర్ ఓపెన్‌టీఎక్స్ అయినా ఎడ్జ్‌టీఎక్స్ అయినా, ట్రైనర్ నుంచి వచ్చిన విలువని మీ స్టిక్ విలువ స్థానంలో పెడుతుంది. మీరు పెట్టుకున్న ఎక్స్‌పో, రేట్లు, ట్రిమ్, మిక్సింగ్ అంతా ఆ తరవాతే జరుగుతుంది. వాడి రేడియోలోనూ ఎక్స్‌పో ఉంటే అది రెండుసార్లు పడుతుంది, స్టిక్ మధ్యలో చచ్చుబడినట్టు ఉంటుంది. ఇందులో మీకు కలిసొచ్చేదేమిటంటే, మీరు ఎగరేసి ట్రిమ్ చేసుకున్న విమానమే వాడి చేతికి వెళ్తుంది. వాడి రేడియోలో విమానం గురించి ఏమీ ఉండాల్సిన పని లేదు.

ఇప్పుడు మీ రేడియోలో ట్రైనర్ మోడ్ ‘మాస్టర్/జాక్’. తరవాత మెనూ బటన్ నొక్కి పట్టుకుంటే రేడియో సెటప్ వస్తుంది, అందులో ట్రైనర్ పేజీకి వెళ్లండి. రడ్డర్ (ముక్కుని పక్కలకి తిప్పేది), ఎలివేటర్, థ్రాటిల్ (మోటారు వేగం), ఎయిలెరాన్ (విమానాన్ని పక్కకి వంచేది) నాలుగు వరుసలు కనిపిస్తాయి. మోడ్ ‘:=’ పెట్టండి, అంటే మీ స్టిక్‌ని పక్కనపెట్టి వాడిది తీసుకోవడం. ‘+=’ పెడితే రెండూ కలిసిపోతాయి, నేర్పేటప్పుడు ఎవరు ఏం చేస్తున్నారో తెలియకుండా పోతుంది.

ఛానెల్ వరుస దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. స్పెక్ట్రమ్ వరుసలో థ్రాటిల్ మొదటి ఛానెల్, తరవాత ఎయిలెరాన్, ఎలివేటర్, రడ్డర్. మీ టారానిస్‌లో మీరు వేరే వరుస వాడుతూ ఉండొచ్చు, ఆ వరుసతో ఇక్కడ పని లేదు. ట్రైనర్ పేజీలో థ్రాటిల్‌కి ఛానెల్ 1, ఎయిలెరాన్‌కి 2, ఎలివేటర్‌కి 3, రడ్డర్‌కి 4 అని చెప్తే చాలు. దిశ తిరగబడితే ఆ వరుసలోని వెయిట్‌ని (శాతం అంకెని) మైనస్ చేయండి, అబ్బాయి రేడియోలో రివర్స్ జోలికి పోకండి.

తరవాత క్యాలిబ్రేషన్. వాడి స్టిక్కులు నాలుగూ మధ్యలో ఉంచమనండి, థ్రాటిల్ కూడా సగంలోనే, కిందకి కాదు. అప్పుడు పేజీలో ‘కాల్’ అన్నచోట ఎంటర్ నొక్కండి. థ్రాటిల్ కింద ఉండగా నొక్కితే దాన్నే మధ్య అనుకుంటుంది, ఇక పైకి తోసినప్పుడు లెక్కంతా తప్పుతుంది. ఇంకో తేడా కూడా ఉంది. స్పెక్ట్రమ్ నూరు శాతం అంటే మధ్య నుంచి 400 మైక్రోసెకన్లు, మీ రేడియోలో నూరు శాతం అంటే 512. వాడు స్టిక్ చివరిదాకా నెట్టినా మీ దగ్గర 78 శాతం దగ్గరే ఆగుతుంది. డీఎక్స్6ఐలో ట్రావెల్ 125 శాతానికి పెంచితే ఇంచుమించు సరిపోతుంది. మొదటి రోజుల్లో అయితే పెంచకుండా వదిలేసినా నాకు అభ్యంతరం లేదు. కొత్త చేతికి కాస్త తక్కువ కదలిక మంచిదే. థ్రాటిల్ మాత్రం పూర్తిగా కిందకి రాకపోతే మోటారు ఆగదు, కాబట్టి అది ఎలాగూ మీ దగ్గరే పెట్టుకోండి.

అదెలాగంటే స్పెషల్ ఫంక్షన్స్ పేజీలో. మీ రేడియో కుడివైపు పైనున్న ఎస్‌హెచ్ స్విచ్ స్ప్రింగుది, వేలు తీస్తే వెనక్కి వస్తుంది. దానికే ట్రైనర్ ఫంక్షన్ ఇవ్వండి. ఆగిపోయే రకం స్విచ్ వద్దు. విమానం పల్టీ కొట్టినప్పుడు మీరు ఆలోచించి స్విచ్ వెతకాల్సి రాకూడదు, వేలు వదిలితే విమానం మీదైపోవాలి. ఫంక్షన్‌లో ‘స్టిక్స్’ అని ఇస్తే నాలుగూ ఒకేసారి వాడికి వెళ్తాయి. మొదట అలా కాకుండా ఎయిలెరాన్‌కి ఒక వరుస, ఎలివేటర్‌కి ఒక వరుస వేరువేరుగా రాయండి. రడ్డర్, థ్రాటిల్ మీ దగ్గరుంటాయి. వరుస చివర ఎనేబుల్ టిక్ పెట్టడం మరవొద్దు, అది లేకపోతే అన్నీ సరిగ్గా రాసినా ఏమీ జరగదు.

మోడ్ స్విచ్, ఆర్మ్ స్విచ్ (మోటారు తిరగడానికి అనుమతించేది) ఎలాగూ మీ దగ్గరే. మీ విమానంలో ఆర్డుపైలట్ కంట్రోలర్ (విమానాన్ని స్థిరంగా ఉంచే చిన్న కంప్యూటర్) ఉందన్నారు కాబట్టి ఎఫ్‌బీడబ్ల్యూఏ మోడ్‌లో ఇవ్వండి. స్టిక్ వదిలేస్తే రెక్కలు తమంతట తాము సమానమవుతాయి. వారం తరవాత మామూలు మాన్యువల్‌లోకి వెళ్లొచ్చు.

ఇప్పుడు లాంగ్ రేంజ్ బాక్స్ వల్ల మాత్రమే వచ్చే చిక్కు ఒకటి. మీ బాక్స్ బలంగా పంపేది. ట్రైనర్ కేబుల్ అంటే మీటరు పొడవున్న తీగ, అదీ ఆ యాంటెన్నాకి జానెడు దూరంలో. బాక్స్ వెదజల్లే శక్తి కొంత ఆ తీగలోకి దిగుతుంది. దీన్ని కళ్లతో చూడొచ్చు. ప్రొపెల్లర్ తీసేసి, ఎస్‌హెచ్ పట్టుకుని, ఛానెల్ మానిటర్ (విలువలు బార్లుగా కనిపించే పేజీ) తెరవండి. అబ్బాయి స్టిక్కులు ముట్టుకోకూడదు. బార్లు కదలకుండా నిలబడి ఉంటే మంచిదే. బాక్స్‌ని పూర్తి పవర్‌లో పెట్టి, కేబుల్‌ని చేత్తో మెల్లగా యాంటెన్నా దగ్గరికి తీసుకెళ్లండి. ఒకచోట బార్ల చివర్లు వణకడం మొదలవుతుంది, ఇంకా దగ్గరైతే ఒక్కోసారి ఎగిరిపడతాయి. గాల్లో అదే జరిగితే విమానం తనంతట తాను ఉలిక్కిపడినట్టు కనిపిస్తుంది, పిల్లాడేమో తన తప్పనుకుంటాడు. మందు తేలికే. కేబుల్ టారానిస్‌లోకి వచ్చేచోట ఫెరైట్ రింగులో (తీగలోకి దిగే అవాంఛిత సిగ్నల్‌ని అడ్డుకునే వలయం) మూడు నాలుగు చుట్లు తిప్పండి. కేబుల్ అవసరమైనంత పొడవే ఉంచండి. అబ్బాయిని యాంటెన్నాకి అవతలి వైపు నిలబెట్టండి. అన్నిటికంటే ముందు బాక్స్ పవర్ తగ్గించండి. కంటికి కనిపించేంత దూరంలో తిరిగే విమానానికి అతి తక్కువ పవర్ సెట్టింగ్ చాలు. నేర్పించేటప్పుడు పూర్తి పవర్ వల్ల మీకొచ్చే లాభం ఏమీ లేదు.

తరవాత పరీక్షలు. చాలామంది ‘ఫెయిల్‌సేఫ్ చూశాం’ (సిగ్నల్ పోతే విమానం ఏం చేస్తుందో చూశాం) అంటారు గానీ రేడియో ఆపి చూడడంతో వదిలేస్తారు. మీ ఏర్పాటులో తెగిపోగల లంకెలు మూడు. మూడింటికీ మూడు రకాల ఫలితాలు రావాలి. ప్రొపెల్లర్ తీసే ఉంచండి.

మొదటిది, అబ్బాయి రేడియో నుంచి మీ రేడియోకి. ఎస్‌హెచ్ పట్టుకుని ఉండగానే కేబుల్ పీకేయండి. నియంత్రణ వెంటనే మీ స్టిక్కులకి రావాలి, విమానం ఫెయిల్‌సేఫ్‌లోకి వెళ్లకూడదు. కొత్త వెర్షన్లలో ట్రైనర్ సిగ్నల్ పోయిందని రేడియో నోటితో చెప్తుంది కూడా. రెండోది, మీ రేడియో నుంచి బాక్స్‌కి వెళ్లే పీపీఎం తీగ. దీన్ని ఎవరూ పరీక్షించరు, నేను మాత్రం దీని మీదే పట్టుబడతాను. తీగ ఊడినప్పుడు కొన్ని బాక్సులు ప్రసారం ఆపేస్తాయి, అప్పుడు విమానం ఫెయిల్‌సేఫ్‌కి వెళ్తుంది, అది సరైన పని. కొన్ని మాత్రం చివరగా విన్న విలువలే పంపుతూ కూర్చుంటాయి. అప్పుడు రిసీవర్ దృష్టిలో సిగ్నల్ బ్రహ్మాండంగా ఉన్నట్టే, విమానం అదే వంపులో పోతూనే ఉంటుంది. మీది రెండో రకమైతే ఆ తీగ ఊడడానికి వీల్లేకుండా సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ వేసి, డబ్బాలో బంధించాల్సిందే. బే నుంచి తీసుకోమనడానికి ఇదీ ఒక కారణం, జాక్‌కి వేలాడే తీగ కంటే అది గట్టి ఏర్పాటు. మూడోది, బాక్స్ నుంచి విమానానికి. బాక్స్ ఆపేయండి. థ్రాటిల్ ఆగాలి, లేదా మీరు పెట్టుకున్నట్టు ఇంటికి తిరిగొచ్చే మోడ్ అందుకోవాలి. బాక్స్‌ని జాక్ నుంచి బేకి మార్చారు కాబట్టి రిసీవర్‌లో ఫెయిల్‌సేఫ్ విలువలు మళ్లీ ఒకసారి సేవ్ చేయడం మంచిది.

కేబుల్ లేకుండా చేయొచ్చా అని మీ ప్రశ్న చివర అడిగారు. చేయొచ్చు. అబ్బాయి రేడియోకి బైండ్ చేసిన (జత కలిపిన), పీపీఎం అవుట్ ఉన్న చిన్న రిసీవర్‌ని మీ ట్రైనర్ జాక్‌కి కలపాలి. దానికి 5 వోల్టులు వేరుగా ఇవ్వాలి. కానీ అలా చేస్తే ఆ చిన్న రిసీవర్ ఫెయిల్‌సేఫ్‌ని ‘పల్సులు ఆపేయి’ అన్నట్టు పెట్టి తీరాలి. ‘హోల్డ్’లో ఉంటే, అబ్బాయి రేడియో బ్యాటరీ అయిపోయినా రిసీవర్ పాత విలువలు ఇస్తూనే ఉంటుంది, మీ రేడియోకి సిగ్నల్ పోయిన సంగతే తెలియదు. వేలు వదిలితే విమానం మీకొస్తుంది, నిజమే, కానీ వదలాలని మీకు తోచాలి కదా. నా ఓటు కేబుల్‌కే. పక్కన నిలబడి మాట్లాడుతూ నేర్పాల్సిన విద్యకి మీటరు తీగ అడ్డమేమీ కాదు.

ఫ్రీక్వెన్సీ గురించి అడగలేదు, అయినా చెప్పాలి. మీ బాక్స్ 433 మెగాహెర్ట్జ్‌ది అయితే, మన దేశంలో 433–434 మధ్య లైసెన్స్ లేకుండా అనుమతించింది 10 మిల్లీవాట్లు మాత్రమే, అదీ ఇంటిలోపల వాడే పరికరాలకి. 915 మెగాహెర్ట్జ్ రకం బాక్సులు ఇక్కడ మొబైల్ కంపెనీల స్పెక్ట్రమ్‌లో పడతాయి, ముట్టుకోవద్దు. 865–867 మధ్య 1 వాట్ వరకు లైసెన్స్ అక్కర్లేదు. ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ అనే లాంగ్ రేంజ్ వ్యవస్థ ఫర్మ్‌వేర్‌లో ఇండియాకి 866 అని వేరే ఎంపికే ఉంది. 2.4 గిగాహెర్ట్జ్‌ది కూడా సరే. ఎలాగూ బేలోకి మార్చే పని పెట్టుకున్నారు కాబట్టి, పాత బాక్స్ బదులు అక్కడే ఒక ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్ మాడ్యూల్ పెట్టుకోవడం గురించి ఆలోచించండి. జాక్, ట్రైనర్ పేజీ, స్విచ్ గురించి పైన చెప్పిందేదీ మారదు. రేడియో సెట్టింగుల్లో మారేది ఎక్స్‌టర్నల్ ఆర్ఎఫ్ మోడ్ పీపీఎం నుంచి సీఆర్ఎస్ఎఫ్‌కి (ఆ మాడ్యూళ్లు వాడే డిజిటల్ పద్ధతి), అంతే; విమానంలో రిసీవర్ కూడా దానిదే పెట్టాలి. వేలాడే పీపీఎం తీగ బాధ కూడా పోతుంది. 2021 డ్రోన్ రూల్స్‌లో మోడల్ విమానం అంటే 25 కిలోల లోపు ఉండి కంటిచూపులో ఎగిరేది. గ్రీన్ జోన్‌లో (ముందస్తు అనుమతి అక్కర్లేని ప్రాంతం) 400 అడుగుల లోపు ఎగరేయొచ్చు, ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ పొలం ఏ రంగులో ఉందో ముందు చూసుకోండి.

విమానం విషయం. లాంగ్ రేంజ్ కోసం కట్టిన విమానంలో పెద్ద బ్యాటరీ, కెమెరా, వీడియో ట్రాన్స్‌మిటర్ అన్నీ ఉంటాయి. అవన్నీ తీసేయండి. బరువు తగ్గితే నెమ్మదిగా ఎగురుతుంది, స్టాల్ అయ్యే (రెక్కలు విమానాన్ని మోయలేక పడిపోయే) వేగం తగ్గుతుంది, పిల్లాడికి ఆలోచించే సమయం దొరుకుతుంది. తీశాక బ్యాలెన్స్ పాయింట్ మళ్లీ చూసుకోండి, ముక్కు తేలికైపోతే చిన్న బ్యాటరీని ముందుకి జరపాలి.

మొదటి రోజు మీరే పైకి లేపండి. 70, 80 మీటర్ల ఎత్తులో గాలికి ఎదురుగా, ట్రిమ్ అయి సమంగా, సూటిగా పోతున్నప్పుడు ఎస్‌హెచ్ నొక్కి పైకే ‘ఇచ్చాను’ అని చెప్పండి, వాడు ‘తీసుకున్నా’ అనాలి. వెనక్కి తీసుకునేటప్పుడు మాత్రం ముందు వేలు వదలండి, మాట తరవాత. మీ ఎయిలెరాన్, ఎలివేటర్ స్టిక్కులు అప్పుడు మధ్యలో ఉండాలి. వాడి స్టిక్ వెంట మీ వేళ్లు అనుకరిస్తూ పోయే అలవాటు కొందరికి ఉంటుంది, ఈ రెండింటి విషయంలో అది వద్దు. థ్రాటిల్ కూడా వాడికి ఇచ్చే రోజు వచ్చాక మాత్రం మీ థ్రాటిల్ స్టిక్‌ని వాడి దానికి దగ్గరగా కదుపుతూ ఉండాలి. లేకపోతే మీరు తీసుకున్న క్షణంలో మోటారు ఒక్కసారిగా ఆగుతుంది, లేదా గర్జిస్తుంది.

మీ యూహెచ్ఎఫ్ బాక్స్ మీద స్టిక్కర్ చూసి ఇన్‌పుట్ వోల్టేజీ ఎంతో రాయండి. బే నుంచి వచ్చేది రేడియో బ్యాటరీ వోల్టేజీయే, ఎక్స్9డి ప్లస్ మామూలు ప్యాక్‌తో 7.2. దాంతో నడుస్తుందో, సొంత బ్యాటరీ ఉంచాల్సిందేనో అది చూశాక చెప్తాను. పీపీఎం తీగ పీకినప్పుడు మీ బాక్స్ ఏం చేసిందో కూడా రాయండి.